పాబా నుంచి బెంజోకెయిన్: దిగుబడి ఎక్కడ పోతుంది?

పారా అమైనో బెంజోయిక్ ఆమ్లాన్ని ల్యాబుల్లో అందరూ పాబా అంటారు. దాన్ని ఇథనాల్‌తో ఎస్టర్‌గా మారిస్తే బెంజోకెయిన్, అంటే గొంతు మాత్రల్లో, చిగుళ్ల జెల్‌లో తిమ్మిరి తెప్పించే మందు. చర్య తేలికే. దిగుబడి ఎక్కువగా పోయేది చివర్లో ఆమ్లాన్ని తటస్థం చేసేటప్పుడు.

100 మి.లీ. గుండ్రటి అడుగు ఫ్లాస్కులో 1.2 గ్రా. పాబా, 12 మి.లీ. అబ్సొల్యూట్ (నీరు లేని) ఇథనాల్ తీసుకోండి. రెక్టిఫైడ్ స్పిరిట్ వద్దు, అందులోని నీరు ఎస్టర్‌ని మళ్లీ ఆమ్లం వైపు లాగుతుంది. మంచులో పెట్టి 1 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తే తెల్లటి ముద్ద కడుతుంది. అది పాబా లవణమే, కంగారు పడకండి. ఆమ్లం ఇంత ఎందుకంటే, అమైనో సమూహం ముందే ఒక ప్రోటాన్‌ను పట్టేసుకుంటుంది. ఉత్ప్రేరకంగా పనిచేసేది ఆ పైన మిగిలినదే.

రెండు పింగాణీ ముక్కలు వేసి, కండెన్సర్ బిగించి, వాటర్ బాత్ మీద గంటం పావు రిఫ్లక్స్ చేయండి, అంటే ఆవిరి చల్లారి మళ్లీ ఫ్లాస్కులోకే పడేలా మరిగించండి. మంట పెట్టొద్దు. ముద్ద మెల్లగా కరిగిపోవాలి.

చల్లారాక 250 మి.లీ. బీకరులోకి ఒంపి 30 మి.లీ. నీళ్లు కలపండి. చిన్న బీకరైతే నురగ పొంగి సరుకంతా బల్ల మీదకొస్తుంది. 10 శాతం సోడియం కార్బొనేట్ కొద్దికొద్దిగా పోయండి. లెక్క ప్రకారం 20 మి.లీ. దాకా పడుతుంది, కానీ నమ్మాల్సింది పీహెచ్ పేపరునే. నురగ తగ్గగానే ఆపేయడం మామూలుగా జరిగే తప్పు. పీహెచ్ 4 దగ్గర ఆగితే చర్య జరగని పాబా కూడా అవక్షేపంలో చేరుతుంది. 8కి తెస్తే అది సోడియం లవణమై నీళ్లలోనే ఉండిపోతుంది, బెంజోకెయిన్ ఒక్కటే కిందికి దిగుతుంది. తొందరపడి సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే చేసిన ఎస్టరే విరిగిపోవచ్చు.

బుక్నర్ గరాటులో వడకట్టి, 10 మి.లీ. చల్లటి నీళ్లతో మూడుసార్లు కడగండి. సోడియం సల్ఫేట్ పోయేది ఈ కడుగుడుతోనే. సిద్ధాంతపరంగా రావాల్సింది 1.45 గ్రా. మీ తూకం అంతకు మించితే సంబరపడకండి, తడో ఉప్పో ఉన్నట్టు.

శుద్ధికి, వీలైనంత తక్కువ వేడి ఇథనాల్‌లో కరిగించి, మసక వచ్చేదాకా వేడినీళ్లు చుక్కలుగా వేయండి. స్ఫటికాలకు బదులు నూనె బొట్లు కనిపిస్తే కాస్త ఇథనాల్ కలిపి మళ్లీ వేడిచేసి, గాజు కడ్డీతో గోడ గీకుతూ నెమ్మదిగా చల్లార్చండి. ఆరబెట్టడం గాలిలోనే. 100° సె. ఓవెన్‌లో పెడితే కరిగి అంటుకుపోతుంది, ద్రవీభవన స్థానం 88 నుంచి 92° సె. మాత్రమే. అంతకన్నా బాగా తక్కువలో, చాలాసేపు మెత్తబడుతూ కరిగితే ఇంకా తడి గానీ మలినం గానీ ఉంది.

తిమ్మిరెక్కుతుందేమోనని నాలుక మీద పెట్టి చూడొద్దు. రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించే మెథ్‌హీమోగ్లోబినీమియాకు బెంజోకెయిన్ కారణం కాగలదు.