కోరల్ ట్యాంక్‌లో ఆల్కలినిటీ రోజుకి ఎంత పడిపోతోందో ముందు చూసుకోండి

ఉప్పునీళ్ల అక్వేరియంలో కోరల్స్ (పగడాలు) పెట్టిన కొత్తలో అందరం చేసేదే, నీళ్లు టెస్ట్ చేసే కిట్లన్నీ కొనేసి ఏ నంబర్ కాస్త తగ్గినా ఏదో ఒక సీసా ఎత్తి పోసేయడం. నేనైతే ఓసారి ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్, బైకార్బొనేట్ ఎంతుందో చెప్పే లెక్క) 6.5 డీకేహెచ్ (దాని యూనిట్) చూపించిందని కంగారుపడి ఒక్క రాత్రిలో 9కి లేపా, రెండ్రోజులకి ఆక్రోపోరా అనే కోరల్ కొసలు కాలినట్టు తెల్లబడిపోయాయి. తక్కువుందని కాదు, ఒక్కసారిగా మారిందని. రోజుకి 1 డీకేహెచ్ మించి పెంచొద్దు.

ఇంకేం ముట్టుకోకముందు ఉప్పు చూడండి. 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026 దగ్గర. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మామూలు నీళ్లతో కాదు, 35 పీపీటీ సొల్యూషన్‌తోనే సెట్ చేసుకోండి. ఇంకోటి, ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది, కాబట్టి తగ్గినంత ఆర్వో డీఐ నీళ్లు (లవణాలన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్లు) పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

ఇక అసలు పని. ఆల్కలినిటీ 8, 9 మధ్య, కాల్షియం 420 పీపీఎం (పది లక్షలకి వంతులు), మెగ్నీషియం 1300 చుట్టూ ఉంటే చాలు. సోమవారం కొలిచి ఏమీ వేయకుండా వదిలేసి గురువారం అదే టైముకి మళ్లీ కొలవండి. 200 లీటర్ల ట్యాంక్‌లో 8.9 కాస్తా 7.4 అయిందనుకోండి, మూడు రోజుల్లో 1.5, అంటే రోజుకి 0.5. వంద లీటర్లకి 1 డీకేహెచ్ పెరగాలంటే వంట సోడా దాదాపు 3 గ్రాములు పడుతుంది, సో మీకు రోజూ 3 గ్రాములు. ఆర్వో నీళ్లలో బాగా కరిగించి, పంపు జోరుగా తోసే చోట కొంచెం కొంచెంగా పోయండి.

కోరల్స్ అస్థిపంజరం కాల్షియం కార్బొనేట్ కదా, అందుకే 1 డీకేహెచ్ ఖర్చయినప్పుడల్లా కాల్షియం 7 పీపీఎం దాకా పోతుంది. దానికి కాల్షియం క్లోరైడ్ విడిగా, కాసేపాగి, వేరే చోట. రెండూ ఒకేచోట పోస్తే నీళ్లు పాలలా తెల్లగా అయిపోతాయి, వేసిందంతా వేస్ట్. ఎంత వేసినా కాల్షియం పెరగట్లేదు, హీటర్ మీద తెల్లటి పొర కడుతోంది అంటే మెగ్నీషియం చూడండి, అది తక్కువుంటే కాల్షియం, కార్బొనేట్ రెండూ కలిసి గడ్డకట్టేస్తాయి.

పీహెచ్ తగ్గిందని దాన్ని పెంచే బఫర్ మందులు కొనకండి, చాలాసార్లు గదిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై తగ్గుతుంది, కిటికీ తెరిచి చూడండి ముందు. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా చేసేయాలన్న పిచ్చి కూడా వద్దు, నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం అలా ఉంటే మంచిదే, రెండూ పూర్తిగా పోతే కోరల్స్ పాలిపోతాయి, పైగా ఇసుక మీద డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) జిగటగా పరుచుకుంటాయి, వాటిని వదిలించుకోవడం నరకం.

ఆ 3 గ్రాములు ఎప్పటికీ అంతే అనుకోకండి, కోరల్స్ పెరిగేకొద్దీ తిండి పెరుగుతుంది, వారానికోసారి కొలిచి డోస్ మార్చుకుంటూ ఉండండి.