కారు కింద పని చేసే ముందు స్టాండ్ల గురించి ఒక మాట
జాకీ ఉన్నది కారును పైకి లేపడానికే. లోపలి సీలు కారితే హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) జాకీ ఉన్నట్టుండి దిగిపోగలదు కనుక, కింద దూరి పని చేయాలంటే బరువంతా జాక్ స్టాండ్ల (లేపిన కారును మోసి నిలిపే లోహపు కాళ్ల) మీదే ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు దయచేసి వాడకండి, అవి ఏ సూచనా లేకుండా పగిలిపోతాయి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలనే పట్టి ఉంచుతుంది. అందువల్ల వెనుక భాగాన్ని లేపినప్పుడు అది అక్కరకు రాదు, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు బిగించి తీరాలి. స్టాండ్లను చదునైన గట్టి కాంక్రీటు నేల మీద, కారు మాన్యువల్‌లో చూపిన చోటనే నిలిపి, జాకీని నెమ్మదిగా దించాక, కిందికి దూరకముందే పక్క నుంచి రెండు చేతులతో కారును గట్టిగా ఊపి చూడండి. ఏ కొంచెం కదిలినా మళ్లీ లేపి సరిచేయాలి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టి ఉంచితే, స్టాండు జారినా కారు పూర్తిగా నేలకు దిగకుండా ఆ చక్రం అడ్డుపడుతుంది.