షుగర్ మందు మారిందా? లిపిడ్ రిపోర్టు ఇలా చూసుకోండి

షుగర్ మాత్ర మారిన రోజున నా నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో అడ్డగీత గీస్తాను. గీతకు పైన పాత అంకెలు, కింద కొత్తవి. మీరూ ఇలాగే చేయండి. షుగర్ మందులు కొవ్వుల లెక్కనూ కొంత కదిలిస్తాయి.

డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టాక నా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 92 నుంచి 98కి వెళ్లింది. టెన్షన్‌తో మాత్ర మానేశాను. డాక్టరు బాగానే చీవాట్లు పెట్టారు. ఆ రకం మందులతో ఎల్‌డీఎల్ కాస్త పెరగడం మామూలేనట, గుండెకూ కిడ్నీలకూ జరిగే మేలు ముందు అది చిన్నదట.

మెట్‌ఫార్మిన్ ఎల్‌డీఎల్‌ను కొద్దిగా తగ్గిస్తుంది. పయోగ్లిటజోన్ ట్రైగ్లిజరైడ్లను (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) తగ్గించి, హెచ్‌డీఎల్‌ను (మంచి కొలెస్ట్రాల్) పెంచుతుంది. గ్లిమెపిరైడ్‌తో పెద్ద తేడా ఉండదు. ఇన్సులిన్ సంగతి వేరు. షుగర్ అదుపు తప్పితే ట్రైగ్లిజరైడ్లు ఎగబాకుతాయి, ఇన్సులిన్‌తో షుగర్ దిగితే అవీ దిగుతాయి. అందుకే కొవ్వుల అంకె పక్కనే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) కూడా రాయండి.

ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే, మామూలు సూత్రంతో లెక్కగట్టిన ఎల్‌డీఎల్‌ను నమ్మకండి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, మిగిలింది చూడండి. 500 దాటితే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి, ప్యాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంటుంది.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడితే షుగర్ రవ్వంత పెరగొచ్చు. దానికి భయపడి మీ అంతట మీరు మానకండి, నోటుబుక్కు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.