సెలవుల ప్రయాణం తర్వాత వచ్చిన పాత బిల్లు: నిజమో మోసమో తేల్చుకుని కట్టే పద్ధతి

ప్రయాణం ముగిసి నెలలు గడిచాక వచ్చే బిల్లుతో వచ్చే చిక్కు ఒకటే. అది అసలుదీ కావచ్చు, దొంగదీ కావచ్చు. టోల్, పార్కింగ్, అద్దె కారు జరిమానా, హోటల్ బాకీ ఆలస్యంగా రావడం మామూలే. అందుకే మోసగాళ్లకు ఆ వేషం బాగా కుదురుతుంది. కంగారుపడి కడితే డబ్బు దొంగ చేతిలో పడుతుంది. మోసమేలే అని పక్కన పడేస్తే, నిజమైన జరిమానా అపరాధ రుసుములతో పెరిగిపోతుంది.

కాబట్టి రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. బాకీ నిజమా? కట్టమని చూపిస్తున్న దారి నిజమా? బాకీ నిజమని తేలగానే దారి కూడా నిజమేనని అనుకోవడం వల్లే జాగ్రత్తపరులు కూడా దెబ్బతింటున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు మీ దగ్గరున్న కాగితాల్లో దొరుకుతుంది. రెండో దానికి జవాబు, వచ్చిన మెసేజ్‌లో కాకుండా బయట వెతుక్కోవాలి.

లక్షణం: "టోల్ బాకీ ఉంది, ఈ రోజే కట్టండి" అంటూ లింకుతో మెసేజ్

ఎక్కువసార్లు ఇది మోసమే. అమెరికాలో ఎఫ్‌బీఐకి చెందిన ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కేంద్రం 2024 ఏప్రిల్‌లో ఇలాంటి టోల్ మెసేజ్‌ల గురించి హెచ్చరిక ఇచ్చింది. మార్చి మొదటి నుంచి అప్పటికే 2,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయని తెలిపింది.

అడిగే మొత్తం చిన్నదిగా ఉంటుంది. "ఇంతే కదా, కట్టేస్తే పోలే" అనిపించడానికే అలా పెడతారు. వాళ్లకు కావలసింది ఆ చిల్లర కాదు, మీ కార్డు నంబరు, దాని వెంట వచ్చే ఓటీపీ. ఆ రెండూ చేతికందితే మీ కార్డును తమ ఫోన్‌లోని వాలెట్‌లో చేర్చుకుంటారు. ఆ తర్వాత వాళ్లు చేసే కొనుగోళ్లకు మీకు ఓటీపీ రాదు. అందుకే ఓటీపీ మెసేజ్‌ను అంకెల కోసం మాత్రమే కాకుండా పూర్తిగా చదవండి. టోల్ కడుతున్నామని మీరు అనుకుంటుంటే, బ్యాంకు మెసేజ్ "మీ కార్డును కొత్త పరికరంలో చేర్చడానికి" అంటుంటే అక్కడే ఆగిపోవాలి.

ఇంకో గుర్తు ఉంది. ఐఫోన్‌లో పరిచయం లేని నంబరు నుంచి వచ్చిన లింకు మామూలుగా నొక్కినా తెరుచుకోదు. మీరు జవాబిస్తే ఆ అడ్డు తొలగుతుంది. అందుకే "వై అని రిప్లై ఇచ్చి, మెసేజ్ మూసి మళ్లీ తెరవండి" అని రాస్తారు. ఈ ఒక్క వాక్యం కనబడినా ఇంకేమీ చూడనక్కర్లేదు, మోసమని తేల్చేయవచ్చు.

పరిష్కారం: లింకు నొక్కకండి, జవాబివ్వకండి. ఆ రోడ్డును నడిపే సంస్థ అధికారిక సైటు అడ్రసును అద్దె కారు ఒప్పందం నుంచో, ఆ దేశ ప్రభుత్వ రవాణా శాఖ పేజీ నుంచో తీసుకుని మీరే టైప్ చేయండి. వెతికితే పైన వచ్చే ప్రకటనలను నమ్మకండి, వాటిలోనూ నకిలీలు ఉంటాయి. అసలు సైటులో కారు నంబరు ప్లేటు, తేదీ ఇస్తే బాకీ ఉందో లేదో కనిపిస్తుంది.

సైటు అడ్రసును ఇలా చదవాలి: మొదట వచ్చే జంట గీతల (//) తర్వాత, తొలి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగండి. అక్కడి నుంచి ఎడమకు చదివితే చుక్కలతో విడదీసిన మొదటి రెండు ముక్కలే సాధారణంగా అసలు యజమాని పేరు (కొన్ని దేశాల అడ్రసుల్లో మూడు ముక్కలు). దానికి ముందు ఎంత పెద్ద సంస్థ పేరున్నా లెక్కలోకి రాదు. తాళం బొమ్మ ఉందని ధైర్యపడకండి. దారిలో ఎవరూ చదవకుండా సమాచారం వెళుతుందని మాత్రమే అది చెబుతుంది, అవతల ఉన్నది ఎవరో చెప్పదు.

లక్షణం: అద్దె కారు కంపెనీ కార్డులో కొంత కోసింది, తర్వాత జరిమానా కాగితం కూడా వచ్చింది

ఒకే తప్పుకు రెండుసార్లు వసూలు చేస్తున్నారనిపిస్తుంది. సాధారణంగా అది నిజం కాదు. కంపెనీ కోసుకున్నది నిర్వహణ రుసుము. పోలీసులు "ఆ రోజు ఆ కారు ఎవరు నడిపారు?" అని అడిగితే మీ పేరు, చిరునామా రాసి పంపినందుకు తీసుకునేది. జరిమానా దానికి వేరు, తర్వాత పోస్టులో విడిగా వస్తుంది. ఈ తేడా తెలియకే "ఒకసారి కట్టేశాం కదా" అని అసలు కాగితాన్ని పక్కన పడేస్తారు.

ఇటలీ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి పాత నగర కేంద్రాల్లో జెడ్‌టీఎల్ అనే పరిమిత ప్రవేశ ప్రాంతాలు ఉంటాయి. అనుమతి లేని కారు లోపలికి వెళితే కెమెరా ఫొటో తీస్తుంది. వేర్వేరు రోజుల్లో దారి తప్పి రెండుసార్లు వెళితే రెండు నోటీసులు రావచ్చు. నోటీసు నంబర్లు, తేదీలు వేరుగా ఉంటే అది నకలు కాదు. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల వరకు గడువు ఇస్తుంది. కాబట్టి "ఏడాది దాటబోతోంది, ఇప్పుడేమిటి" అన్నంత మాత్రాన అది మోసమైపోదు. నోటీసు అందిన 5 రోజుల్లో కడితే చాలా ట్రాఫిక్ జరిమానాల్లో 30 శాతం తగ్గుతుంది. కాగితం వచ్చిన రోజు, కవరు మీద ముద్ర ఫొటో తీసి ఉంచడం అందుకే లాభం.

అన్నిచోట్లా గడువు ఇంత ఉదారంగా ఉండదు. ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ దాటితే మరుసటి రోజు అర్ధరాత్రిలోగా కట్టాలి. ఫ్రాన్స్‌లో ఏ13, ఏ14 మోటారు రోడ్ల మీద గేట్లు తీసేశారు, దాటాక 72 గంటల్లో కట్టాలి. గేటు, బూత్ లేవు కనుక టోల్ లేదనుకుని వెళ్లిపోయినవారికే తర్వాత పెద్ద బిల్లు వస్తుంది. అద్దె కారులో టోల్ ట్యాగ్ ఉందా లేదా అన్నది ఒప్పందంలో ముందుగానే చూసుకోవడం మేలు.

పరిష్కారం: నోటీసులోని కారు నంబరు, తేదీ, సమయం, వీధి పేరును అద్దె ఒప్పందంతో, ఫోన్ మ్యాప్ చరిత్రతో, ఫొటోల సమయాలతో పోల్చండి. కంపెనీకి రాసి, అధికారుల నుంచి తమకు వచ్చిన నోటీసు నకలు అడగండి. చాలా కంపెనీలు ఇస్తాయి. కారు తిరిగిచ్చాక జరిగిన తప్పు మీది కాదు, అప్పగించిన సమయం చూపే రసీదు చాలు. కోసుకున్న రుసుము ఒప్పందంలో రాసిన దానికంటే ఎక్కువైతే తేడా మాత్రమే అడగండి. మొత్తం రుసుము వద్దంటే సాధారణంగా నిలవదు.

లక్షణం: ముందే కట్టిన హోటల్ "మీ డబ్బు రాలేదు" అంటోంది

ఇందులో అసలు కారణాలూ ఉన్నాయి, మోసాలూ ఉన్నాయి. అసలుది ఎలా జరుగుతుందంటే, బుకింగ్ సైటు మీ దగ్గర డబ్బు తీసుకుని హోటల్‌కు వర్చువల్ కార్డు (ప్లాస్టిక్ లేకుండా నంబరు మాత్రమే ఉండే కార్డు) ద్వారా ఇస్తుంది. హోటల్ ఆ కార్డును సమయానికి వాడుకోకపోతే డబ్బు అందదు, వాళ్లు మీ మీదికి బిల్లు పంపుతారు. ఇంకొన్నిసార్లు స్థానిక పర్యాటక పన్ను, మినీబార్, ఆలస్యంగా గది ఖాళీ చేసినందుకు వేసే రుసుము మిగిలి ఉంటాయి.

మోసం మరింత గట్టిది. దొంగలు హోటల్ సిబ్బంది పాస్‌వర్డ్‌లు కొట్టేసి, బుకింగ్ యాప్‌లోని అసలు చాట్‌లోనే మీకు రాస్తారు. మీ పేరు, తేదీలు, గది వివరాలు సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే అవి అసలు రికార్డు నుంచే తీసినవి. కాబట్టి "వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, యాప్‌లోనే వచ్చింది" అన్నది ఇక్కడ సాక్ష్యం కాదు. వాళ్లు పంపే లింకు మాత్రం యాప్ బయటికి తీసుకెళుతుంది. అదే తేడా.

పరిష్కారం: బుకింగ్ సైటులో మీ ఖాతాలోకి వెళ్లి పేమెంట్ రసీదు తీసుకోండి, వాళ్ల కస్టమర్ కేర్‌తో హోటల్‌ను అడిగించండి. హోటల్‌కు విడిగా ఫోన్ చేయాలంటే నంబరును హోటల్ అధికారిక సైటు నుంచి తీసుకోండి, చాట్‌లో వచ్చిన నంబరుకు కాదు. ప్రతి ఖర్చూ తేదీతో ఉన్న పూర్తి బిల్లు పంపమనండి. "ఇతర ఖర్చులు" అన్న ఒక్క వరుస మీద డబ్బు కట్టనక్కర్లేదు.

కార్డు స్టేట్‌మెంటులో రెండుసార్లు కనిపిస్తే ముందు ఒక విషయం చూడండి. ఒకటి "పెండింగ్" అని ఉందా? అది చెక్-ఇన్‌లో పెట్టిన ముందస్తు నిలుపుదల, డబ్బు ఇంకా పోలేదు. బ్యాంకును బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో విడుదలవుతుంది.

లక్షణం: కట్టేశాను, అయినా మళ్లీ నోటీసు

చాలామంది మోసమనుకునే నోటీసుల్లో ఇలాంటివీ ఉంటాయి. బిల్లు నిజం, కట్టిన పద్ధతి తప్పు.

విదేశీ బ్యాంకు ఖాతాకు పంపేటప్పుడు రుసుమును ఎవరు భరిస్తారో మూడు మార్గాల్లో ఎంచుకోవచ్చు: పంపేవారే అంతా భరించడం, ఇద్దరూ పంచుకోవడం, అందుకునేవారు భరించడం. పంచుకునే మార్గంలో పంపితే మధ్యలోని బ్యాంకు తన వంతు కోసుకుంటుంది. 100 యూరోలు పంపితే అవతలికి తక్కువ చేరుతుంది. ఆఫీసు లెక్కలో అది తక్కువ కట్టిన బిల్లు, అపరాధ రుసుముకు అర్హమైనది. కనుక జరిమానాలకు పంపేవారే భరించే మార్గమే ఎంచుకోండి. రెండో పొరపాటు, నోటీసు నంబరు రాయకపోవడం. డబ్బు ఖాతాలో చేరుతుంది కానీ ఎవరి బాకీకో తెలియదు. వివరాల గడిలో నోటీసు నంబరు, కారు నంబరు తప్పక ఉండాలి. ఖాళీ చాలకపోతే నోటీసు నంబరు చాలు.

ఐబ్యాన్ (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా నంబరు)లో మొదటి రెండు అక్షరాలు దేశాన్ని చెబుతాయి. ఇటలీ నగర పాలక సంస్థ జరిమానాకు వేరే దేశం అక్షరాలతో ఖాతా ఇస్తే ముందు అధికారిక సైటులో సరిచూడండి. ఐబ్యాన్‌లో తనిఖీ అంకెలు ఉంటాయి కనుక ఒక అంకె తప్పు పడితే బ్యాంకు వెంటనే పట్టుకుంటుంది. కానీ సరైన ఐబ్యాన్ అంటే సరైన యజమాని అని కాదు. యూరో ప్రాంతంలో 2025 అక్టోబర్ 9 నుంచి ఖాతా పేరు, నంబరు సరిపోతున్నాయో పంపే ముందే బ్యాంకులు చెప్పాలి. "సరిపోలడం లేదు" అని వస్తే అక్కడే ఆపాలి, "బ్యాంకు పొరపాటులే" అని ముందుకు పోకూడదు.

సాధారణంగా క్రెడిట్ కార్డుతో అధికారిక పోర్టల్‌లో కట్టడమే మంచిది. వివాదం వస్తే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగవచ్చు. చాలా రకాల వివాదాలకు 120 రోజుల్లోగా అడగాలి, గడువు ఎప్పటి నుంచి లెక్కిస్తారో వివాదాన్ని బట్టి మారుతుంది. వీలైతే ఒకసారి వాడే వర్చువల్ కార్డు తీసుకుని, బిల్లు మొత్తానికి కాస్త ఎక్కువ పరిమితి పెట్టండి. "మీ కరెన్సీలో కడతారా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే స్థానికమే నొక్కండి, మీ కరెన్సీ ఎంచుకుంటే సాధారణంగా మారకం రేటులో ఎక్కువ కోస్తారు. బహుమతి కార్డులు, క్రిప్టో, స్నేహితులకు పంపినట్లు వాలెట్ బదిలీ అడిగేవాళ్లకు ఒక్క పైసా కూడా వద్దు. ఏ ప్రభుత్వ కార్యాలయమూ జరిమానాను అలాగే కట్టాలని పట్టుబట్టదు.

లక్షణం: వసూలు ఏజెన్సీ ఉత్తరం

బాకీని మరొకరికి అప్పగించారని రాస్తారు. ఉత్తరం మీది ఫోన్ నంబరును వాడకుండా, మొదట అప్పు ఇచ్చినవారిని (టోల్ సంస్థ, హోటల్, ఆస్పత్రి) అడగండి: "ఈ బాకీని మీరు ఈ ఏజెన్సీకి అప్పగించారా? ఏ తేదీన? అసలెంత, అపరాధ రుసుమెంత?" లిఖితంగా రాకముందు బాకీ ఒప్పుకోకండి, కొంతైనా కట్టకండి. కొన్ని దేశాల్లో పాక్షికంగా కట్టినా కాలపరిమితి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఆస్పత్రి బిల్లయితే ముందుగా ప్రయాణ బీమా సంస్థకు చెప్పండి. మీరే కట్టేశాక చెబితే వెనక్కి రావడం కష్టమవుతుంది.

లక్షణం: లింకు నొక్కి వివరాలు ఇచ్చేశాను

ఇక్కడ నిమిషాలు ముఖ్యం. ముందు బ్యాంకు యాప్‌లో కార్డును ఆపేయండి. తర్వాత కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: కొత్త కార్డు ఇవ్వడం, కార్డుకు అతికిన వాలెట్ టోకెన్లన్నీ (కార్డు నంబరుకు బదులు ఫోన్ వాలెట్‌లో ఉండే కోడ్‌లు) తొలగించడం. రెండోది చాలామంది మరచిపోతారు. కొత్త నంబరు వచ్చినా పాత టోకెన్ కొత్త కార్డుకు మారి పనిచేసే అవకాశం ఉంది.

ఖాతా నుంచి డబ్బు బదిలీ అయి ఉంటే, వెనక్కి రప్పించమని అదే ఫోన్‌లో అడగండి, గంట గంటకూ అవకాశం తగ్గుతుంది. దూరం నుంచి మీ ఫోన్ తెరను చూసే యాప్ ఏదైనా వాళ్లు మీతో వేయించి ఉంటే నెట్ ఆపేసి, పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి. మెసేజ్, లింకు అడ్రసు, సమయాలను స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు, బ్యాంకుకు ఇవ్వండి. ఆ తర్వాత కొన్ని వారాలకు "మీ పోయిన డబ్బు తిరిగి తెచ్చిపెడతాం" అంటూ ఎవరో ఫోన్ చేయవచ్చు. ఒకసారి మోసపోయినవారి జాబితాను పట్టుకుని చేసే రెండో మోసం అది, ముందుగా రుసుము అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి.