ఐన్‌స్టీన్ వలయంతో గెలాక్సీ ద్రవ్యరాశి లెక్కగట్టడం

రెండు గెలాక్సీలు మన చూపుకు ఒకే వరసలో పడితే, ముందున్నదాని గురుత్వం వెనకదాని కాంతిని వంచి వలయంగా చూపిస్తుంది. ఇదే ఐన్‌స్టీన్ వలయం; ముందు గెలాక్సీ ఇక్కడ లెన్స్‌లా పనిచేస్తుంది. ఆ వలయం వ్యాసార్ధం, రెండు గెలాక్సీల రెడ్‌షిఫ్టులు (విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే సంఖ్యలు; దూరం ఎక్కువైతే ఇవీ ఎక్కువ) తెలిస్తే చాలు, ముందు గెలాక్సీ ద్రవ్యరాశి కాలిక్యులేటర్ మీదే తేలుతుంది.

మొదట అది లెన్సేనని నిర్ధారించుకోండి. హోగ్ ఆబ్జెక్ట్ లాంటివి స్వతహాగా వలయాకార గెలాక్సీలు. స్పెక్ట్రమ్ తీస్తే నడిబొడ్డుకూ వలయానికీ ఒకే రెడ్‌షిఫ్ట్ వస్తుంది. లెన్స్ అయితే వలయానిది ఎక్కువ ఉండాలి.

ముందు గెలాక్సీ వెలుగుకు నమూనా కట్టి, చిత్రంలోంచి తీసేశాకే వ్యాసార్ధం కొలవాలి. హబుల్ టెలిస్కోప్‌లోని ఏసీఎస్ కెమెరాలో పిక్సెల్ సుమారు 0.05 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే 1.5 ఆర్క్‌సెకండ్ల వ్యాసార్ధానికి 30 పిక్సెళ్లు. వ్యాసార్ధాన్ని వర్గం చేస్తాం కాబట్టి ఒక్క పిక్సెల్ తేడా ద్రవ్యరాశిలో 7 శాతం అవుతుంది. పొరపాటున వ్యాసం వేస్తే జవాబు నాలుగింతలే!

అసలు చిక్కంతా దూరాలతోనే. వాడాల్సినవి కోణీయ వ్యాస దూరాలు, అంటే వస్తువు అసలు సైజును అది ఆకాశంలో కనిపించే కోణంతో భాగిస్తే వచ్చేవి. హబుల్ స్థిరాంకం (విశ్వం విస్తరించే రేటు) 70, పదార్థం వాటా 0.3, విశ్వం సమతలం అనుకుంటే, రెడ్‌షిఫ్ట్ 0.3 దగ్గరి లెన్స్‌కు 919 మెగాపార్సెక్కులు (ఒక్కోటి సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు), రెడ్‌షిఫ్ట్ 1 దగ్గరి మూలానికి, అంటే వెనక గెలాక్సీకి, 1652. రెండింటి మధ్య దూరం 733 అనేసుకుంటారు చాలామంది. విస్తరించే విశ్వంలో ఆ తీసివేత చెల్లదు. కోమూవింగ్ దూరాలను (విస్తరణ ప్రభావం తీసేసి నేటి కొలతలో చెప్పే దూరాలు; ఇక్కడ 3304, 1194) తీసివేసి, మూలం రెడ్‌షిఫ్ట్‌కు 1 కలిపిన సంఖ్యతో, అంటే ఇక్కడ 2తో, భాగించాలి: 1055.

ఇప్పుడు 919 × 1652 ÷ 1055 = 1439. దీన్ని వ్యాసార్ధ వర్గం 2.25తో, ఆపై 12.3 కోట్లతో గుణిస్తే దాదాపు 40 వేల కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశి. 733 వేసి ఉంటే 57 వేల కోట్లు వచ్చేది.

ఆ 12.3 కోట్లు సాధారణ సాపేక్షతలోని వంపు సూత్రం నుంచి వచ్చింది, కోణం ఆర్క్‌సెకండ్లలో, దూరం మెగాపార్సెక్కుల్లో ఉంటేనే పనిచేస్తుంది. న్యూటన్ లెక్కలో వంపు ఇందులో సగమే, కాబట్టి ఆ సూత్రం వాడితే ద్రవ్యరాశి రెట్టింపు చూపిస్తుంది. సూర్యుడి అంచున వంపు 1.75 ఆర్క్‌సెకండ్లని ఐన్‌స్టీన్ చెప్పింది నిజమని 1919 గ్రహణం పరిశీలనల్లో తేలింది.

వచ్చిన సంఖ్య గెలాక్సీ మొత్తానిది కాదు. వలయం లోపల, మన చూపు వెంట స్తంభంలా ఉన్న పదార్థమంతా అందులో ఉంటుంది: నక్షత్రాలు, కృష్ణ పదార్థం, దారిలో అడ్డొచ్చిన ఇతర గెలాక్సీలు కూడా. అందుకే నక్షత్రాల ద్రవ్యరాశితో పోల్చేటప్పుడు, ఈ ఉదాహరణలో కేంద్రం నుంచి 6.7 కిలోపార్సెక్కుల (లెన్స్ దూరంలో వలయం వ్యాసార్ధం ఇంతే) లోపలి వెలుగునే లెక్కలోకి తీసుకోండి.