ఆందోళన మాత్రల చీటీని చదవడం ఎలా

గుండె దడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం అని చెప్పుకొని డాక్టరు గది నుంచి బయటికి వచ్చిన మనిషి చీటీలో తరచుగా రెండు రకాల మందులుంటాయి: ఒకటి ఆ రాత్రే పనిచేసేది, మరొకటి కొన్ని వారాల తర్వాత పనిచేసేది. ఏది ఏదో తెలియకనే చాలామంది మొదటిదాన్ని ఏళ్ల తరబడి మింగుతూ, రెండోదాన్ని మాత్రం గుణం కనబడలేదని పదో రోజునే పక్కన పెడుతున్నారు. కాబట్టి చీటీని చదవడం ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

ముందుగా స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరును వదిలి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. డయాజెపామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్, ఆల్ప్రాజోలామ్ వంటివి బెంజోడయాజెపిన్లు, అంటే ఆ రాత్రే పనిచేసే మొదటి రకం. ఎటిజోలామ్ నిర్మాణంలో కొద్దిగా వేరైనా పనితీరులో వాటి తోబుట్టువే. ఎస్సిటలోప్రామ్ పేరు చివర వినడానికి దగ్గరగా ఉన్నా, అది పూర్తిగా వేరే జాతి, వారాల తర్వాత పనిచేసే రెండో రకం. మన దేశంలో ఈ రెండు జాతులనూ ఒకే మాత్రలో కలిపి అమ్మడం మామూలు. ఎస్సిటలోప్రామ్, క్లోనాజెపామ్ కలిసిన మాత్ర వాడేవారు తాము ఒకే మందు వేసుకుంటున్నామని అనుకుంటారు. ఒకదాన్ని కొనసాగించి రెండోదాన్ని తగ్గించవలసిన రోజు వచ్చినప్పుడు ఆ మాత్రతో అది సాధ్యం కాదు. నా మటుకు నేను విడివిడిగా రాయమని డాక్టరును అడగడమే మేలంటాను.

బెంజోడయాజెపిన్లు అంత త్వరగా పనిచేయడానికి కారణం మెదడులో ముందే ఉన్న ఏర్పాటు. నాడీకణాల ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం కణం మీద తనకోసం ఉన్న గ్రాహకానికి, అంటే అది అతుక్కునే చోటుకు, అంటుకున్నప్పుడు అక్కడి ద్వారం తెరుచుకొని క్లోరైడ్ అయాన్లు కణంలోకి ప్రవేశిస్తాయి, కణం నెమ్మదిస్తుంది. బెంజోడయాజెపిన్ ఆ ద్వారాన్ని తానుగా తెరవదు. గాబా వచ్చినప్పుడు అది మరింత తరచుగా తెరుచుకునేటట్టు చేస్తుంది. అంతకు ముందు తరంలో వాడిన బార్బిట్యురేట్లు ద్వారాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచేవి, మోతాదు మించితే గాబా లేకుండానే తెరిచేవి, అందుకే వాటి వల్ల ఊపిరి ఆగి మరణించే ప్రమాదం ఎక్కువగా ఉండేది. లియో స్టెర్న్‌బాక్ కనుగొన్న క్లోర్‌డయాజెపాక్సైడ్ 1960లో లిబ్రియం పేరుతోనూ, డయాజెపామ్ 1963లో వాలియం పేరుతోనూ బజారుకు వచ్చినప్పుడు వాటిని సురక్షితమైన మందులుగా వైద్యలోకం స్వాగతించింది ఈ తేడా వల్లనే. అయితే మద్యంతో గానీ, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులతో గానీ కలిసినప్పుడు ఆ రక్షణ ఉండదు. రెండూ కలిసి ఊపిరిని అణిచివేస్తాయి.

ఇక మిల్లీగ్రాముల అంకె. పాయింట్ ఫైవ్ అంటే చిన్న మాత్ర అనుకోవడం పెద్ద పొరపాటు. డాక్టర్లు వాడే ఒక పట్టిక ప్రకారం 0.5 మిల్లీగ్రాముల ఆల్ప్రాజోలామ్ లేదా క్లోనాజెపామ్ సుమారు 10 మిల్లీగ్రాముల డయాజెపామ్‌కు సమానం. వేర్వేరు పట్టికల్లో ఈ అంకెలు కొంత మారుతాయి గనుక, ఒక మందుకు బదులు మరొకటి ఎంత వేసుకోవాలో ఇంట్లో లెక్క కట్టుకోకూడదు.

అంకె కన్నా ముఖ్యమైనది మందు ఒంట్లో నిలిచే కాలం. రక్తంలో మందు సగానికి తగ్గడానికి ఆల్ప్రాజోలామ్‌కు సుమారు 11 గంటలు, లోరాజెపామ్‌కు సుమారు 12 గంటలు, క్లోనాజెపామ్‌కు 30 నుంచి 40 గంటలు పడుతుంది. డయాజెపామ్‌ను కాలేయం మార్చినప్పుడు పుట్టే పదార్థం కూడా మందులాగానే పనిచేస్తూ రోజుల తరబడి ఉంటుంది. పైగా ఇరవై ఏళ్ల మనిషిలో సుమారు 20 గంటలుండే డయాజెపామ్ అర్ధాయువు, అంటే ఆ సగానికి తగ్గే కాలం, ఎనభై ఏళ్ల వారిలో 90 గంటల దాకా పెరుగుతుంది. అంటే తాతగారికి రోజూ ఇచ్చే మాత్ర నిన్నటి దాని మీద, మొన్నటి దాని మీద పేరుకుంటూ పోతుంది; తెల్లవారుజామున బాత్రూముకు లేచి తూలి పడి తుంటి ఎముక విరిగితే ఆ నేరం వయసు మీదికి నెట్టేస్తాం. లోరాజెపామ్‌ను కాలేయం ఒకే మెట్టులో వదిలించుకుంటుంది గనుక, పెద్దవారికీ కాలేయ జబ్బున్నవారికీ ఈ జాతి మందు తప్పనిసరైతే డాక్టర్లు దానివైపు మొగ్గుతారు. ఆల్ప్రాజోలామ్ వాడేవారు ఫంగస్‌కు కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ మాత్రలు వాడకూడదు. అవి ఆల్ప్రాజోలామ్‌ను కరిగించే ఎంజైమును ఆపుతాయి. తామరకు ఇట్రాకొనజోల్ విరివిగా రాస్తున్న ఈ రోజుల్లో చర్మ వైద్యుడికి ఈ సంగతి మీరే చెప్పాలి.

రెండో రకం మందుల్లో ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ ప్రధానమైనవి. వీటి గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో కొందరికి కంగారు ఇంకా పెరుగుతుంది. ఆ మధ్యకాలాన్ని దాటించడానికే బెంజోడయాజెపిన్‌ను రెండు నుంచి నాలుగు వారాలకు రాస్తారు. బస్పిరోన్ కూడా నిదానంగా పనిచేసేదే. ప్రొప్రానలాల్ గుండె దడనూ చేతుల వణుకునూ తగ్గిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు.

ఆ నాలుగు వారాలు దాటిపోయి నెలలైతే, ఏదో ఒక రోజు ధైర్యం చేసి ఒక్కసారిగా మానేయకండి. మందుకు అలవాటు పడిన మెదడు తన సొంత నిగ్రహాన్ని తగ్గించుకుని ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి, వణుకు, భ్రాంతులు, ఫిట్స్ రావచ్చు. దీనికి తెలంగాణలో కనబడిన సాక్ష్యం కల్లు. ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారు 2015లో ఎక్సైజు దాడులతో ఆ కల్లు దొరక్కపోయేసరికి వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకూ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ చేరారు. తాము మాత్ర తీసుకుంటున్నామని కూడా తెలియనివారు వారిలో ఉన్నారు.

డాక్టరు పర్యవేక్షణలో తగ్గించే పద్ధతిలో సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి అప్పటి మోతాదులో 5 నుంచి 10 శాతం కోస్తారు. చివరి మెట్లు మరింత చిన్నవిగా, నిదానంగా ఉంటాయి. ఏళ్లు వాడినవారికి ఇది నెలల పని. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. మాట్లాడే మనిషి కావాలనుకుంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 తెలుగులో కూడా పనిచేస్తుంది.

మందుల షాపులో ఆల్ప్రాజోలామ్, డయాజెపామ్ షెడ్యూల్ హెచ్1 కిందికి, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోకి, వస్తాయి; అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ అడిగే దుకాణదారు మీద విసుక్కోకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు స్ట్రిప్పులన్నీ, మోకాళ్ల నొప్పులకూ దగ్గుకూ వేరేచోట రాయించుకున్నవి సహా, ఒక కవరులో వేసుకెళ్లి, ఇది ఎన్ని రోజులకు, ఎలా ఆపాలి అనే రెండు ప్రశ్నలకు జవాబును చీటీ మీదే రాయించుకోండి.