ఇంట్లో గిటార్, 7వ పాఠం: అది డి మైనర్ కాదు

పోయిన పాఠానికి మీరు పంపిన రికార్డింగులన్నీ విన్నాను. ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగే పట్టు) దగ్గర చూపుడువేలు మండిపోతోందని చాలామంది గోల. అది వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, వదిలేయండి. నా బాధ దాని ముందు కార్డ్‌తో. 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' పాటలో సగంమంది డి బదులు డి మైనర్ వాయించారు. "పాట 'ఏ' (A) మైనర్‌లో ఉంది కదా సార్, డి కూడా మైనరే రావాలి" అని ఒకరు నాకే లెక్క చెప్పారు. లెక్క బాగానే ఉంది, పాటే పోయింది.

గిటార్ తీసుకుని అన్నిటికన్నా సన్నతీగ ఒక్కటే చూడండి (అది ఒకటో తీగ, అన్నిటికన్నా లావుది ఆరోది). ఏ మైనర్‌లో, సి కార్డ్‌లో అది ఖాళీగా మోగుతుంది. డి రాగానే రెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మీ). ఎఫ్‌లో మొదటి ఫ్రెట్. మళ్లీ ఏ మైనర్, ఖాళీ. పైకెక్కి, ఒక్కో మెట్టే దిగి వస్తోంది. ఏడుపంతా ఆ దిగడంలోనే ఉంది. డి మైనర్ పట్టారంటే వేలు ముందే మొదటి ఫ్రెట్ మీద కూర్చుంటుంది. ఎఫ్ వచ్చినా కదలదు. ఇక దిగడానికేముంది?

సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇంకోలా చెప్తాను. ఖాళీ ఐదో తీగని షడ్జమం అనుకోండి. డిలో చతుశ్రుతి ధైవతం, ఎఫ్‌లో శుద్ధ ధైవతం. ఖరహరప్రియ రాగంలోంచి నఠభైరవి రాగంలోకి ఒక్క అడుగు.

ఈ దిగుడుని బాస్‌లో (లావుతీగల కింది స్వరాల్లో) అరస్వరం చొప్పున నడిపినవాడు న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్ గాయకుడు డేవ్ వాన్ రాంక్. పాట ఆయనది కాదు, జానపదం. 1933లోనే క్లారెన్స్ ఆష్లీ రికార్డిచ్చాడు. కానీ వాన్ రాంక్ కూర్చిన పద్ధతినే బాబ్ డిలన్ 1961లో రికార్డ్ చేసేసి, ఆ తర్వాత వచ్చి "చేసుకోనా?" అని అడిగాడు. చివరికి వాన్ రాంక్ పాడుతుంటే జనం "డిలన్ పాటా?" అనేవారు. ఆయన పాడటమే మానేశాడు. 1964లో యానిమల్స్ బృందం ఎలక్ట్రిక్ గిటార్‌తో అదే పాటని బ్రిటన్‌లో, అమెరికాలో నంబర్ వన్ చేసింది. డిలన్ పాడితే "యానిమల్స్ పాటా?" అని, ఆయనకీ అదే గతి పట్టింది. ఫోక్ రాక్‌కి (జానపదం, రాక్ కలిసిన సంగీతానికి) తొలి హిట్ ఇదేనని చాలామంది అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

మీటడం సంగతి. తకిట తకిట, అంతే. బొటనవేలితో బాస్ తీగ, వెంటనే 3-2-1-2-3 తీగలు. ఏ మైనర్‌కీ సికీ బాస్ ఐదో తీగ, డికీ ఎఫ్‌కీ నాలుగు, పాటలో వచ్చే 'ఈ' (E) కార్డ్‌కి ఆరు. యానిమల్స్ రికార్డులో మీటు కాస్త వేరు, ఇది నా అడ్డదారి. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వాడొచ్చా అని అడక్కండి, నాకు నచ్చదు.

సాధన: మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బలకి పెట్టి, డి నుంచి ఎఫ్‌కి వంద సార్లు. ఆ తర్వాత ఇంకో వంద, కళ్లు మూసుకుని. రికార్డింగ్ పంపేటప్పుడు పాడకండి. గొంతు పెంచి డి మైనర్‌ని దాని కింద దాచేయడం నాకూ వచ్చు.